కాశీలో వదలనిది

"తుపాకులు కాదమ్మా, టీవీ. ముందు కూర్చో. నువ్వలా కాళ్ళకి చెప్పులైనా లేకుండా మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేసరికి నాకే దడ పుట్టింది. ఇదిగో, ఆపేశాను. హెలికాప్టరు గాల్లోనే ఉంది, దానికేం తొందర లేదు."

రత్నమాణిక్యంగారు రిమోటును చింతపండు చేట పక్కన పెట్టి ఎదురుగా ఉన్న పీట చూపించారు. పై వాటాలో అద్దెకుండే ప్రసన్న ఆయాసపడుతూ కూర్చుంది. ప్రసన్నకు ఏలూరులో ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్న రైలుకి వెళ్ళి సాయంత్రం రైలుకి తాడేపల్లిగూడెం తిరిగొచ్చే మనిషి. ఇవాళ రెండో శనివారం కాబట్టి ఇంట్లో ఉంది. లేకపోతే మధ్యాహ్నం పూట కింద వాటాలో ఏం జరుగుతోందో ఆమెకు తెలిసే వీలే లేదు.

"ఎవరో కాల్చుకుంటున్నారనుకున్నానండీ పిన్నిగారూ. బాబాయిగారు పడుకునే వేళ కదా, దొంగలేమైనా వచ్చారేమో అని..."

"దొంగలు కాదు, మనవాళ్ళే. ఆ కొండమీద కోటలో డాక్టరమ్మని బంధించారు, విడిపించడానికి వచ్చారు. ఇందాకే గోడ దూకారు. వెనకవైపు కాపలా ఉన్నవాణ్ణి ఆ పొడుగాటి కుర్రాడు చడీచప్పుడూ లేకుండా కొండెక్కించేశాడు. కానీ పాపం, తూటాలు నిండుకున్నాయి."

ప్రసన్నకు నవ్వాగలేదు. రత్నమాణిక్యంగారు పుట్టిన ఇంట్లోనూ మెట్టిన ఇంట్లోనూ నోట అశుభం పలకరు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. మెడలో గొలుసు తెగదు, పెరుగుతుంది. కత్తిపీట ముందు కూర్చున్నా వంకాయలు కొయ్యడం అనరు, తరగడమే. వంటింటి గట్టు మీదికి చీమలు వస్తే మందు చల్లకుండా పసుపు గీత గీసి, వేరే దారి చూసుకోమని వాటితో మర్యాదగా చెప్పే మనిషి. అదే నోటితో ఆమె కోటమీద దాడి గురించి చెబుతుంటే వినేవాళ్ళు ఏ ముఖం పెట్టాలో తెలియదు.

"నవ్వు, నవ్వు. నాకూ నవ్వే వస్తోంది ఇప్పుడు. పోయిన నెలదాకా ఏడుపొచ్చేది."

"ఎందుకండీ?"

"కాశీ ప్రయాణం పెట్టుకున్నాం కదా, అందుకు."

ప్రసన్న పీట ఇంకాస్త ముందుకు జరుపుకుంది. ఈ వీధిలో వాళ్ళందరికీ ఉన్న అనుమానమే ఆమెకీ ఉంది. కాశీ వెళ్ళినవాళ్ళు గంగలో మునిగి, తమకు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి వస్తారు. ఇక బతికున్నంతకాలం అది ముట్టరు. తిరిగొచ్చినవాళ్ళను వీధి మొత్తం మొట్టమొదట అడిగేది అదే, ఏం వదిలారని. రత్నమాణిక్యంగారు మాత్రం అడిగినవాళ్ళకు గంగనీళ్ళ చెంబూ కాశీదారమూ చేతిలో పెట్టి, నవ్వి, మాట మార్చేస్తున్నారు.

"ఇంతకీ మీరేం వదిలారండీ పిన్నిగారూ?"

"చెప్తాను. చెప్పాలంటే ముందు ఈ టీవీ సంగతి చెప్పాలి. ఊరికే కూర్చోకు, ఈ పిక్కలు తీస్తూ ఉండు."

చింతపండు చేట ఇద్దరి మధ్యకీ వచ్చింది.

*

అసలు ఇదంతా పురాణంతోనే మొదలైంది. కొడుకు విజయ్‌కుమార్ పెద్ద టీవీ కొని గోడకు బిగించి, అమ్మకు ప్రవచనాలు పెట్టుకోవడం నేర్పాడు. ఒక మధ్యాహ్నం ఆమె మోకాళ్ళకు నూనె రాసుకుంటూ గజేంద్రమోక్షం విన్నారు. మకరం బారి నుంచి ఏనుగు బయటపడింది, ప్రవచనం ముగిసింది, దాని వెనకే ఆ టీవీ తనకు తోచిందేదో తెచ్చి పెట్టింది. మంచుకొండ, దానిమీద ఓ బస్సు, బస్సులో పిల్లలు, చుట్టూ తుపాకులు. ఎక్కడి సినిమానో తెలుగులో మాట్లాడించారు. ఆమె చేతులనిండా నూనె ఉంది, రిమోటేమో బల్లమీద ఉంది. ఆపేద్దామనే లేచారు. లేచి, పిల్లలకేమవుతుందో తెలిసేదాకా చూద్దామని నిలబడ్డారు. నిలబడితే మోకాళ్ళు నొప్పి కాబట్టి మళ్ళీ కూర్చున్నారు.

మర్నాడు టీవీ పెట్టగానే అలాంటిదే ఇంకోటి కనబడింది. ఆ మర్నాడు ఆమే వెతుక్కున్నారు.

ఉల్లిపాయల మార్కెట్లో వీళ్ళది పాత కొట్టు. భర్త పాండురంగారావుగారు మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి అదే గదిలో నవారు మంచం మీద కాసేపు నడుం వాలుస్తారు. కోడలు అలేఖ్య బళ్ళో టీచరు, సాయంత్రానికి గానీ రాదు. భర్త నిద్ర చెడకుండా చెవుల్లో పెట్టుకుని వినమని కొడుకు ఇయర్‌ఫోన్లు కూడా కొనిపెట్టాడు. ఇంతకంటే అనువైన ఏర్పాటు ఆ సినిమాల్లోని కమాండోలకు కూడా దొరకదని ఆమె ఎన్నోసార్లు అనుకున్నారు.

"పిల్లలు బతకాలని చూస్తున్నాననుకున్నానమ్మా మొదట్లో. దేశం కోసం ప్రాణాలకి తెగించారు కదా, చూస్తే తప్పేంటనీ అనుకున్నాను. తర్వాత్తర్వాత నాకే తెలిసిపోయింది. నిజం చెప్పనా? చంపడమే బాగుంటుంది."

ప్రసన్న చేతిలో చింతపిక్క కింద పడింది.

"అలా చూడకు. ఆ ముసుగువాడు పెద్ద పెద్ద కబుర్లు చెప్పి, జనాన్ని ఏడిపించి, పకపకా నవ్వి, వెనక్కి తిరిగేసరికి మనవాడు నిలబడి ఉంటాడు చూడు. మాట్లాడడు. ఊరికే చూస్తాడు. అప్పుడు నాకు కడుపులో చల్లగా దిగుతుంది, ఎండనపడి వచ్చి మజ్జిగ తాగినట్టు."

"మజ్జిగ తాగినట్టా అండీ?"

"మజ్జిగే. ఉప్పూ నిమ్మకాయా వేసిన మజ్జిగ."

అది అక్కడితో ఆగితే బాగుండేది. కొత్తగా ఏది చూసినా దాన్నెలా పట్టుకోవాలా అని ఆలోచన పోయేది. శుక్రవారం పారాయణానికి ఎవరింటికి వెళ్ళినా ముందు ఆ ఇంటికి ద్వారాలెన్నున్నాయో చూసుకునేవారు. ఒకసారి ఏలూరులో పెళ్ళి చూసుకుని, అటునుంచటే కొల్లేటి మీదుగా ఆకివీడులో పుట్టింటికి వెళుతున్నారు. బస్సులో అందరూ కొంగలను చూస్తుంటే ఈవిడ చేపల చెరువు గట్టుమీద మోటారు షెడ్డును చూశారు.

"ఆ షెడ్డులో నలుగురున్నారనుకో. గట్టుమీద నుంచి వెళితే కనబడిపోతాం. గుర్రపుడెక్క కింద మునిగి, నోట్లో గొట్టం పెట్టుకుని వెనక నుంచి వెళ్ళాలి. మండవల్లి వచ్చేదాకా అదే ఆలోచన. మీ బాబాయిగారు 'ఏంటలా చూస్తున్నావు' అంటే 'కొల్లేరు ఎంత బాగుందండీ' అన్నాను."

ఇంట్లో సంగతి ఇంకా ఇబ్బందిగా తయారైంది. ఒకరోజు అలేఖ్య బడినుంచి తొందరగా వచ్చేసరికి అత్తగారు చెవుల్లో వైర్లతో, కళ్ళనిండా నీళ్ళతో కూర్చుని ఉన్నారు. రేడియో పట్టుకుని చివరిదాకా కబురు పంపిన కుర్రాడు అప్పుడే కొండెక్కాడు. ఆమె గబుక్కున టీవీ కట్టేశారు.

"ఏమైందండీ అత్తయ్యగారూ?"

"ఏం లేదమ్మా. ప్రహ్లాదుడు."

అలేఖ్య మరో మాట మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి అత్తగారికి జీడిపప్పు ఉప్మా చేసి తెచ్చింది. ఆ సాయంత్రమే వీధంతా తెలిసింది, మాణిక్యంగారు భాగవతం వింటూ ఏడుస్తారట అని. తర్వాతి శుక్రవారం నుంచి పారాయణం అయ్యాక ఆడవాళ్ళందరూ ఆమె చుట్టూ చేరి, ఈ వారం ఏం విన్నారో చెప్పండి మాణిక్యంగారూ అని అడగడం మొదలుపెట్టారు. ఎప్పుడో చిన్నప్పుడు విన్న కథలను తవ్వి తీసి చెప్పేవారు. ఒకసారి రుక్మిణీ కల్యాణం చెబుతూ కృష్ణుడు కోటలో ఎటునుంచి దిగాడో, రథం ఎక్కడ ఆపాడో, కాపలావాళ్ళు మారే వేళ ఏదో కూడా వివరంగా చెప్పారు. ఇంత బాగా ఎవరూ చెప్పలేదన్నారు అందరూ. నూనె మిల్లు వాళ్ళావిడైతే కాళ్ళకు దండం పెట్టింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆవిడ అన్నం తినలేకపోయారు.

*

అలాంటి రోజుల్లో కాశీ మాట వచ్చింది. పారాయణం వాళ్ళే ఓ జట్టుగా, దంపతులుగా వెళదామనుకున్నారు. విజయ్‌కుమార్ టికెట్లు తీశాడు. ఇంక ఏ ఇంట్లో చూసినా ఏం వదలాలన్న చర్చే.

నూనె మిల్లు వాళ్ళావిడ కాకరకాయ వదులుతానంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ కాకరకాయ నోట్లో పెట్టుకోలేదని అందరికీ తెలుసు. ఫ్యాన్సీ షాపావిడ సపోటా అంది. షుగరు వచ్చాక డాక్టరు ఎలాగూ మాన్పించాడు. ఒకాయన పుచ్చకాయనో దోసకాయనో ఏదో ఒకటి అక్కడికెళ్ళాక చూసుకుందామన్నాడు. రత్నమాణిక్యంగారు వింటూ కూర్చున్నారు గానీ లోపల ఆవిడకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆవిడకు అత్తగారు గుర్తొచ్చారు.

ఆ అత్తగారు కాశీలో మామిడిపండు వదిలారు. తర్వాత ఎన్నో వేసవులు బతికారు. ప్రతి వేసవిలోనూ ఇంటికి రసాలు బుట్టలతో వచ్చేవి. పెద్దావిడే ముందు కూర్చుని, మెత్తబడినవి ఏరి, పిల్లలందరికీ గిన్నెల్లోకి రసం పిండి ఇచ్చేవారు. పిండడం అయ్యాక మోచేతిదాకా కారిన రసంతో లేచి నూతి దగ్గరికి వెళ్ళి కడిగేసుకునేవారు. ఒక్కనాడు వేలి చివరైనా నాలుకకి తగలనివ్వలేదు. కొత్తకోడలిగా అది చూసిన రత్నమాణిక్యంగారికి వదలడమంటే అదీ అని మనసులో పడిపోయింది.

మరి నాకు ఇష్టమైందేంటి? ఆ రాత్రంతా ఆమె దేన్నీ బయటికి అనకుండా కాయల పేర్లూ పండ్ల పేర్లూ తలుచుకున్నారు. సీతాఫలం ఇష్టమే. దొండకాయ వేపుడు ఇష్టమే. కానీ సీతాఫలం కోసం ఎవరికైనా అబద్ధం చెప్పారా? దొండకాయ కోసం ప్రహ్లాదుణ్ణి అడ్డం పెట్టుకున్నారా? తెల్లవారేసరికి జవాబు తేలిపోయింది. వదిలితే దాన్నే వదలాలి. అది కాకుండా ఇంకేం వదిలినా నూనె మిల్లు వాళ్ళావిడ కాకరకాయే.

"తేలిపోయాక ఏడుపొచ్చిందమ్మా. నవ్వకు. పెద్దదాన్నయిపోయాను, మోకాళ్ళు పోయాయి, ఓ పెళ్ళికి వెళితే రెండో రోజుకి ఇంటికెప్పుడు వస్తానా అని ఉంటుంది. ఆ కాసేపే నేను గోడలు దూకేది."

ప్రసన్న చేటలో పిక్కలను ఓ పక్కకి జరిపింది.

రైలెక్కాక, ఇదే ఆఖరిది అనుకుని ఫోన్లో ఒక సినిమా పెట్టుకున్నారు. కింది బెర్తులో చెవుల్లో వైర్లతో కిటికీకి తిరిగి ఆవిడ, ఆవిడ వెనకే కునికిపాట్లు పడుతూ పాండురంగారావుగారు. ఎడారిలో శత్రువుల స్థావరం, దాన్ని పేల్చడానికి వెళ్ళిన జట్టు. అన్నీ అయ్యాయి. తిరిగి వచ్చేటప్పుడు జట్టులోని మచ్చముఖం వాడు పాడుబడ్డ బావిలో పడిపోయాడు. కాలు విరిగింది. పైన వెతుకుతున్నవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. తనవాళ్ళు వస్తారో రారో తెలియదు. వాడు నడుమునుంచి కత్తి తీసి బావి గోడలో ఇటుకల మధ్య గుచ్చాడు. సరిగ్గా అప్పుడు రైలు అడవుల్లోకి దూరింది. సిగ్నలు పోయింది. బొమ్మ మధ్యలో ఓ సున్నా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత సిగ్నలు వచ్చేసరికి ఫోన్లో చార్జింగ్ లేదు. చార్జింగ్ వచ్చేసరికి జట్టులో ఆడవాళ్ళందరూ లలితా సహస్రనామం చదువుదామని ఈవిడ బెర్తుమీదే చేరారు. చదువుతున్నంతసేపూ ఆమెకు బావిలో కత్తే కనబడింది.

"వాణ్ణి బావిలో వదిలేసి నేను గంగలో దిగడమేంటమ్మా అనిపించింది. చివర తెలిస్తే శుభ్రంగా వదిలేసేదాన్ని."

*

మర్నాడు పొద్దున్నే గంగ ఒడ్డుకి వెళ్ళారు. పంతులుగారు దంపతుల కొంగులు ముడివేసి నీళ్ళలోకి దింపారు. అక్కడ సంకల్పం చెప్పేది భర్త. భార్య ఆయన కుడిచేతికి తన చెయ్యి ఆనించి నిలబడుతుంది. ఆయన ఏం పలికినా అది ఇద్దరిదీ అవుతుంది. ఆయన ఏది వదిలితే ఆవిడా అదే వదిలినట్టు. వాళ్ళ ముందు దిగిన నూనె మిల్లు దంపతులు కాకరకాయ వదిలేసి, ప్రశాంతంగా మూడు మునకలు వేసి ఒడ్డెక్కారు.

"మీకు ప్రీతి అయినవి చెప్పండి. పండు ఒకటి, కాయ ఒకటి," అన్నారు పంతులుగారు.

"పండు పనస," అన్నారు పాండురంగారావుగారు. తర్వాత ఆమె వైపు తిరిగి, "కాయ ఏం చెబుదాం మాణిక్యం?"

"ఆగండి. నాకు కాయలూ పండ్లూ కాదండీ. నాకు ఇష్టమైంది వేరే ఉంది."

నడుములోతు నీళ్ళలో, కొంగు ముడితో, వెనక జనం ఎదురుచూస్తుండగా ఆవిడ చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో గానీ రైల్లో గానీ నోరు పెగల్లేదు. ఇక్కడ చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేరు.

"నేను మధ్యాహ్నాలు భాగవతం వినడం లేదండీ."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"తుపాకులు," అన్నారాయన నెమ్మదిగా, పంతులుగారికి వినబడకుండా.

ఆమె చెయ్యి ఆయన చేతిమీదనుంచి జారబోయింది. ఆయనే పట్టుకుని మళ్ళీ ఆనించారు.

"నా మంచం నీ వెనకే కదా మాణిక్యం. ఒకరోజు నిద్ర పట్టక కళ్ళు తెరిచాను. హెలికాప్టర్లోంచి మనుషులు తాళ్ళు పట్టుకుని దిగుతున్నారు. శబ్దం లేదు, బొమ్మ ఒక్కటే. ఆ మర్నాటినుంచి పడుకోవడం మానేశాను."

"ఇన్నాళ్ళూ చూశారా? మరి ఒక్కమాట అనలేదేమండీ?"

"అంటే నువ్వు మానేస్తావు. నువ్వు మానేస్తే నాకేముంటుంది?"

దొంగతనం చేస్తున్నది తానొక్కతే అనుకున్నారు ఇన్నాళ్ళూ. వెనక మంచం మీద ఇంకో దొంగ ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాడు.

"నేనిప్పుడు దాన్నే వదిలేద్దామని వచ్చానండీ," అన్నారు.

"కానివ్వండమ్మా, వెనక నెల్లూరు వాళ్ళున్నారు," అన్నారు పంతులుగారు.

పాండురంగారావుగారు నీళ్ళకేసి చూశారు. ఎవరో వదిలిన దొన్నె దీపం తేలుతూ పక్కనుంచి వెళ్ళింది. అది కాస్త దూరం పోయేదాకా చూసి, ఆయన అడిగారు.

"నిన్న రైల్లో వాడు బావిలోంచి వచ్చాడా?"

"తెలీదు. అక్కడే ఆగిపోయింది."

ఆయన తల ఊపారు. పంతులుగారి వైపు తిరిగి, రోజూ మార్కెట్లో వేలంపాట పాడే గొంతుతో, పక్క మెట్లమీద వాళ్ళకు కూడా వినబడేలా అన్నారు.

"ఉల్లిపాయ."

*

"ఉల్లిపాయా!" అంది ప్రసన్న. "బాబాయిగారా?"

"పంతులుగారు కూడా నీలాగే చూశారు. కాయ అడిగితే గడ్డ చెప్పారేంటండీ అన్నారు. ఏ ఊరు, ఏం వ్యాపారం అని అడిగారు. చెబితే ఇంకా ఆశ్చర్యపోయారు. మరోటి చెప్పుకోండి, ఇంకా నీళ్ళు వదల్లేదు అని కూడా అన్నారు పాపం. ఈయన వింటేనా? చెయ్యి చాపి నిలబడ్డారు. నా చెయ్యి ఆయన చేతిమీదే ఉంది. అయిపోయింది."

ఉల్లిపాయ అంటే ఆయనకు ఏమిటో ప్రసన్నకు కూడా తెలుసు. పొద్దున్న చద్దన్నంలో పెరుగు పోసుకుని పచ్చి ఉల్లిపాయ నంజుకోకపోతే ఆయనకు తెల్లవారినట్టు ఉండదు. ఆదివారం ఉల్లి పెసరట్టు, సాయంత్రం చినుకు పడితే పకోడీ, జ్వరమొచ్చి లేస్తే మొదట అడిగేది ఉల్లిపాయ పులుసు. పగలంతా బస్తాల మధ్య కూర్చుని, ఇంటికొచ్చి మళ్ళీ అదే కావాలనే మనిషి.

"అలా ఎందుకన్నారండీ అని అడిగానమ్మా ఒడ్డుకొచ్చాక. 'నోటికొచ్చింది మాణిక్యం, రోజంతా అనే మాట కదా' అన్నారు. నేను మళ్ళీ అడగలేదు. అడిగితే ఆయన చెప్పరు, నాకు చెప్పించుకోవాలనీ లేదు."

ఆ మధ్యాహ్నం ఆశ్రమం గదిలో జట్టువాళ్ళందరూ గుళ్ళు చూడ్డానికి వెళితే, మోకాళ్ళ వంకతో వీళ్ళిద్దరే ఉండిపోయారు. మంచం మీద పక్కపక్కన కూర్చుని, ఫోను దిండుకి ఆనించి, ఇయర్‌ఫోన్లు సంచిలోంచి తియ్యకుండానే బావి దగ్గర్నుంచి పెట్టుకున్నారు. వాడు కత్తి గుచ్చుకుంటూ పైకి వచ్చాడు. పైన కాచుకుని ఉన్న ఇద్దర్నీ కొండెక్కించాడు. రత్నమాణిక్యంగారికి మజ్జిగ దిగినట్టయింది. భర్త వైపు చూస్తే ఆయన ముఖం చిన్నబుచ్చుకుని ఉంది.

"బాగోలేదాండీ?"

"బాగానే ఉంది గానీ, వీళ్ళు ఇంత అరుస్తారా? నేను వేరేలా అనుకున్నాను."

నెమ్మదిగా బయటపడింది. శబ్దం లేకుండా చూసినన్నాళ్ళూ ఆయన ఊరుకోలేదు. ప్రతి సినిమాకీ సొంతంగా కథ కట్టుకున్నారు. బల్లమీద పటం పరిచి చుట్టూ నిలబడి వాదించుకుంటుంటే, చేను గట్టు తగాదా, సర్వేయరుని పిలిచారు అనుకున్నారు. పెద్ద ఆఫీసరు ఫోను పట్టుకుని ముఖం మాడ్చుకుంటే, లోడు దారిలో ఆగిపోయిందని కబురొచ్చింది అనుకున్నారు. నిన్న రైల్లో మచ్చముఖం వాడు బావిలో ఉంటే, పూడిక తియ్యడానికి దిగాడు, పైవాళ్ళు కూలి దగ్గర పేచీ పెట్టి తాడు లాగేశారు అనుకున్నారు.

"మరి అంతమంది చచ్చి..." అనబోయి రత్నమాణిక్యంగారు నాలిక కరుచుకున్నారు. "అంతమంది కొండెక్కుతుంటే ఏమనుకున్నారండీ?"

"తగాదాలు ముదిరితే అంతే కదా," అన్నారాయన.

నవ్వి నవ్వి ఆవిడకు పొలమారింది. గుళ్ళు చూసి తిరిగొచ్చిన నూనె మిల్లు వాళ్ళావిడ తలుపు దగ్గర నిలబడి, ఏంటి మాణిక్యంగారూ అంత సంతోషం అని అడిగితే, గంగస్నానం చేశాం కదండీ అన్నారు. అది మాత్రం అబద్ధం కాదు.

"ఇంటికొచ్చాక ఆ వైర్లు తీసి మనవడికి ఇచ్చేశాను. ఇంక శబ్దం పెట్టుకునే చూస్తున్నాం. అలేఖ్య పిల్లల్ని తీసుకుని జంగారెడ్డిగూడెం పుట్టింటికి వెళ్ళింది కదా, అందుకని నీకు తప్ప ఎవరికీ వినబడలేదు. వచ్చాక ఆ పిల్లకి నేనే చెప్తాను. ముందు నవ్వుతుంది. తర్వాత ఆ జీడిపప్పు ఉప్మా గుర్తొస్తుంది, అప్పుడు చెయ్యాల్సిన కోపం చేస్తుంది. చెయ్యనీ."

"శుక్రవారం వాళ్ళకండీ?"

"ఈ వారం కథ అడిగారు. నేనిప్పుడు వినడం లేదమ్మా, మీలో ఎవరైనా చెప్పండి అన్నాను. ఫ్యాన్సీ షాపావిడ చెప్పింది. బాగానే చెప్పింది గానీ కోటలోకి ఎలా వచ్చారో చెప్పకుండా దాటేసింది." ఆమె చేటలో చివరి చింతపండు పాయ అందుకున్నారు. "ఏం వదిలారంటే మాత్రం ఇంకా నవ్వి ఊరుకుంటున్నాను. ఉల్లిపాయ అని చెప్పొచ్చు. అది నిజమే. కానీ అది నేను వదిలింది కాదు కదమ్మా. నా బదులు ఆయన వదిలారు. నిన్న పెసరట్టు వేశాను. అల్లం, జీలకర్ర, పచ్చిమిర్చి, అంతే. ఆయన తిన్నారు. బాగుందన్నారు. తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళారు. వెనక నుంచి చూస్తే అచ్చం మా అత్తగారే."

గోడమీద హెలికాప్టరు రెక్కలు కదలకుండా అలాగే ఉంది.

"మీకు బాధగా ఉందా అండీ?" అంది ప్రసన్న.

రత్నమాణిక్యంగారు ఆలోచించారు. "బాధ కాదు. ఇప్పుడు చూస్తుంటే ఊరికే చూడబుద్ధి కాదు, అంతే. పక్కన ఆయన లేకపోతే గోడ దూకేదాకా చూసి ఆపేస్తున్నాను. ఇవాళ అన్నం తినగానే కర్నూలు లారీ వచ్చిందని కబురొస్తే కొట్టుకి వెళ్ళారు. ఒక్కోరోజు శబ్దం తీసెయ్యమంటారు. అప్పుడు ఆయన కథ చెప్తారు. మొన్న ఒకడు బాంబు పెట్టడానికి వంతెన కిందికి వెళితే, చేపల చెరువు తూము రిపేరు చేస్తున్నాడన్నారు. సినిమా అయ్యేదాకా తూమే. ఎవరికీ చెప్పకు గానీ, సినిమావాళ్ళ కథకంటే అదే బాగుంది."

ప్రసన్న లేచి చేతులు దులుపుకుంది. బజారుకి వెళ్ళి కూరలు తెచ్చుకోవాలంది.

"మార్కెట్ మీంచేగా? అయితే మా కొట్టు దగ్గర ఆగమ్మా. లోడు దిగిపోయి ఉంటే మీ బాబాయిగారిని పక్కకి పిలువు. గుమాస్తాల ముందు సినిమా అనకు. భాగవతం ఆపి ఉంచాను, తొందరగా రమ్మన్నానని చెప్పు, ఆయనకి అర్థమవుతుంది. ఇంకో మాట. నువ్వు కూరలు తెచ్చుకునేటప్పుడు మంచి లేత క్యాబేజీ ఒకటి చూసి నాకూ తీసుకురా. దాన్ని సన్నగా తరిగి వేస్తే పకోడీ కరకరలాడుతుందట. ఆయనకి చెప్పకు, వాసన చూసి ఆయనే కనిపెట్టాలి. చెప్పులేసుకుని వెళ్ళు తల్లీ, బయట ఎండగా ఉంది."